డ్రైవర్ దొరికిన రోజు

ఎవరిని కదిపినా సాఫ్ట్‌వేర్ మాటే వినిపించే రోజులవి. కరెంటు స్తంభాలకు, బస్సుల వెనక, ఆఖరికి మా వీధి చివర ఇస్త్రీ బండికి కూడా కంప్యూటర్ కోర్సుల కాగితాలు అంటించి ఉండేవి. శ్రీకాకుళం నుంచి వచ్చి సీతాఫల్‌మండిలో కాపురం పెట్టిన మాకు ఆ గాలి కాస్త ఆలస్యంగా సోకింది. మా ఆయన ఒక ఆఫీసులో గుమాస్తా. నేను బీయస్సీ చదివి, రోజూ పొద్దున్నే ఇవాళ ఏం కూర వండాలా అని ఆలోచిస్తూ ఇంట్లో ఉండేదాన్ని. అలాంటిదాన్ని పట్టుబట్టి మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ నేర్చుకున్నాను.

ఆ పనేమిటంటే, అమెరికాలో డాక్టర్లు రోగిని చూశాక చూసిందంతా నోటితో చెప్పి రికార్డు చేస్తారు. ఆ మాటలు ఇంటర్నెట్‌లో మన దగ్గరికి వస్తాయి. హెడ్‌ఫోన్స్ తగిలించుకుని విని, తప్పుల్లేకుండా టైపు చేసి తిరిగి పంపాలి. కోర్సు ముగిశాక ఒక కంపెనీ వాళ్లు ఇంటి నుంచే చేసే పని ఇస్తామన్నారు. కాకపోతే ముందు ఒకరోజు పని చేసి చూపించాలి. ఆ రోజు పంపిన ఫైళ్లు సాయంత్రంలోగా వెనక్కి వెళ్తేనే ఉద్యోగం.

మా ఇంట్లో అప్పటికే ఒక కంప్యూటర్ ఉండేది. విడిభాగాలు కొని ఒకచోట బిగించి ఇచ్చినది. మా ఆయన దాన్ని కొత్త కోడల్ని చూసినట్టు దూరం నుంచే చూసేవారు. వాడిన ప్రతిసారీ దానిమీద నా పాత పట్టుచీర ముక్క కప్పేవారు. ఇంటర్నెట్ ఇచ్చింది మా వీధి కేబుల్ టీవీ అతనే. డాబాల మీదుగా, బట్టలారేసే తీగల పక్కనుంచి ఒక నీలం వైరు లాక్కొచ్చి మా కిటికీలోంచి లోపలికి తోసి కంప్యూటర్ వెనక గుచ్చాడు. వైరు గుచ్చినచోట చిన్న పచ్చలైటు మిణుకుమిణుకుమంటూ ఉండేది. అది మిణుకుమంటే అమెరికా దగ్గర, లేకపోతే దూరం. ఇంటర్నెట్ గురించి నాకున్న జ్ఞానం అంతే.

నా పరీక్షకు ముందురోజు సాయంత్రం పెద్ద ఉరుములతో వాన పడింది. తెల్లారి లేచి చూస్తే పచ్చలైటు లేదు. కేబులతనికి కబురు పెట్టాను. వచ్చి వైరు పీకి, మళ్లీ పెట్టి, ఇంకోసారి పీకి పెదవి విరిచాడు.

"నిన్న పిడుగు పడ్డది గదక్కా. వైరుల కెల్లి వచ్చి, వైరు గుచ్చే మీ పోర్టు కాల్చింది. మన గల్లీల శానా మందికి గిదే పరేషాన్."

"ఇప్పుడెలాగండీ? నాకు ఇవాళే పని ఉంది!"

"గాబరా పడకుండ్రి. వేరే కార్డు ఏసుకుంటె అయిపోతది. నా కాడ ఒకటున్నది, తెస్తా."

తెచ్చాడు. కంప్యూటర్ పక్క రేకు ఊడదీసి, అరచేతిలో సగముండే ఆకుపచ్చ పలకను లోపల ఒక గాడిలో గట్టిగా నొక్కాడు. చేతిలో ఒక సీడీ పెట్టాడు. "దీంట్ల డ్రైవర్ ఉంటది. లోడ్ జేస్కోండ్రి. అవుతలి గల్లీల వైరు తెగిపడ్డదంట, పోయొస్త" అని వెళ్లిపోయాడు.

కంప్యూటర్ ఆన్ చేయగానే కొత్త వస్తువేదో దొరికిందని తెర మూలన ఒక మాట వచ్చింది. నాకు సంతోషమేసింది. సీడీ పెట్టాను. లోపల అది కాసేపు జొన్నరొట్టె కాలుతున్నట్టు చిటపటలాడింది, తర్వాత ఏమీ దొరకలేదని చెప్పి తనంతట తనే బయటికొచ్చేసింది. మళ్లీ తోశాను. మళ్లీ బయటికొచ్చింది. అలా మేమిద్దరం కాసేపు తోసుకున్నాం.

ఆ అలికిడికి కింద నుంచి టీచరుగారు మెట్లెక్కి వచ్చారు. మా ఇల్లు ఆవిడదే. మిషన్ స్కూల్లో ఎన్నో ఏళ్లు సోషల్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. పుట్టింది మచిలీపట్నం వైపైనా, పెళ్లయ్యాక జీవితమంతా సికింద్రాబాద్ బడిలోనూ చర్చిలోనూ గడిచిపోయింది. పిల్లల్లేరు. భర్త పోయి కొన్నేళ్లయింది. ఏ కొత్త విషయమైనా సరే, అర్థమయ్యేదాకా వదిలే రకం కాదు ఆవిడ.

"ఏమైందమ్మాయ్? ఎవరితో పోట్లాడుతున్నావు?"

"దీనితోనేనండీ. నెట్ రావడం లేదు. డ్రైవర్ కావాలంటోంది."

"డ్రైవర్ అంటే?"

కోర్సులో విన్నది గుర్తు తెచ్చుకుని చెప్పాను. కొత్త కార్డుకు ఒక భాష, కంప్యూటర్‌కు ఒక భాష. మధ్యలో ఇద్దరికీ అర్థమయ్యేలా చెప్పే ప్రోగ్రామునే డ్రైవర్ అంటారని. ఆవిడ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. "అయితే దుబాసీ అన్నమాట. డ్రైవర్ అని ఎందుకు పెట్టారో ఆ పేరు! సరే, లోపల ఎవరెవరున్నారో చూపించు."

తెర మీద నెట్‌వర్క్ కనెక్షన్ల కిటికీ తెరిచాను. అందులో ఒక్క బొమ్మే ఉంది. దాని కింద 1394 కనెక్షన్ అని, పక్కన కనెక్టెడ్ అని రాసుంది.

"కనెక్టెడ్ అంటోందిగా మరి?" అన్నారు టీచరుగారు.

"అంటోందండీ. కానీ ఏదీ తెరుచుకోవడం లేదు."

"పదమూడొందల తొంభై నాలుగు." ఆవిడ కళ్లద్దాలు సర్దుకున్నారు. "కొండవీటి రెడ్లు ఏలుతున్న కాలం. అప్పటి కనెక్షన్ ఇప్పుడేం పనికొస్తుంది?"

నేను ఎంత గాబరాలో ఉన్నా నవ్వాగలేదు. అది వీడియో కెమెరాలాంటివి తగిలించుకునే వేరే పోర్టు అనీ, మా నీలం వైరుకీ దానికీ చుట్టరికమే లేదనీ చాలాకాలం తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం కనెక్టెడ్ అన్న ఆ మాటను నమ్మి, దాన్ని ఆపి, మళ్లీ నడిపి, బతిమాలి చాలాసేపు పోగొట్టుకున్నాం.

తర్వాత డివైస్ మేనేజర్ అనేది తెరిచాను. కంప్యూటర్‌లో ఉన్న భాగాలన్నీ అక్కడ వరసగా కనిపిస్తాయి. దాచినవి కూడా చూపించమని ఎక్కడో నొక్కేసరికి నెట్‌వర్క్ అడాప్టర్ల కింద ఎన్నడూ వినని పేర్లు బిలబిలమంటూ బయటికొచ్చాయి. వ్యాన్ మినీపోర్ట్ అని ఒకటి, పక్కన వేరే అక్షరాలతో అదే పేరు మళ్లీ మళ్లీ. డైరెక్ట్ పారలల్ అట. ప్యాకెట్ షెడ్యూలర్ అట.

"మినీపోర్ట్ అంటే చిన్న రేవా?" అన్నారావిడ. "మీ కళింగపట్నంలాంటిదా?"

"మా కళింగపట్నంలో ఇన్ని రేవులు లేవండీ."

"ఇన్ని రేవులుండీ ఒక్క పడవ కదలకపోవడమేమిటమ్మాయ్!"

ఆ వరసకు దూరంగా, వేరే గుంపులో, పసుపురంగు ప్రశ్నార్థకంతో ఒంటరిగా ఒక పేరు కనిపించింది. ఈథర్నెట్ కంట్రోలర్. టీచరుగారు వేలు పెట్టి చూపించారు. "ఇదిగో. క్లాసులో కొత్తగా చేరిన పిల్ల. పేరు రిజిస్టర్లో ఎక్కలేదు. మనం చూడాల్సింది దీన్ని. మిగతావాళ్ల జోలికి పోకు."

ఆవిడ చెప్పిందే నిజం. ఆ రేవులన్నీ కంప్యూటర్ తన అవసరాలకు తను కల్పించుకున్న ఉత్తుత్తి అడాప్టర్లు. వాటిని చూసి భయపడాల్సిన పనే లేదు. కొత్తగా బిగించిన కార్డు ఏ రకమో తెలిస్తే దాని డ్రైవర్ ఎక్కడైనా ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. కానీ ఇంటర్నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. ఈ ముడి దగ్గర నాకు ఏడుపు ఒక్కటే తక్కువ.

"బయట ఇంటర్నెట్ సెంటర్లున్నాయిగా?" అన్నారు టీచరుగారు. "ముందు కార్డు మీద ఏం రాసుందో చూద్దాం."

ప్లగ్గు పీకి రేకు తీశాం. బైబిల్ చదవడానికి వాడే భూతద్దం ఆవిడ కింద నుంచి తెచ్చారు. నేను టార్చిలైటు పట్టుకుంటే ఆవిడ లోపలికి తల దూర్చారు. కార్డు నడుమ నల్లటి బిళ్ల, దాని మీద చీమ తలకాయంత అక్షరాలు, పక్కన చిన్న చేప బొమ్మ.

"చేప గుర్తు!" ఆవిడ ముఖం వెలిగిపోయింది. "తొలినాటి క్రైస్తవులు గోడల మీద గీసుకున్న గుర్తమ్మాయ్ ఇది. మంచి శకునం."

మా వైపు చేప కనిపిస్తే పులుసు తప్ప ఇంకోటి తట్టదు. ఆ మాట అనకుండా, ఆవిడ చదివిన అక్షరాలూ అంకెలూ అరచేతి మీద రాసుకుని స్టేషన్ దగ్గరున్న ఇంటర్నెట్ సెంటర్‌కు పరుగెత్తాను. అక్కడ వెతికి, దొరికినదాన్ని ఫ్లాపీలో ఎక్కించుకుని ఆయాసపడుతూ తిరిగొచ్చాను. కంప్యూటర్ దాన్ని పరిశీలించి, ఈ డ్రైవర్ ఈ వస్తువుకు సరిపోదని మర్యాదగా చెప్పింది.

కింద టీచరుగారింట్లో ఫోనుంది. వెళ్లి మా ఆయన ఆఫీసుకు చేశాను. ఆయన సీట్లో లేరని పక్క సీటాయన ఎత్తారు.

"ఏమైనా చెప్పాలామ్మా?"

"డ్రైవర్ దొరకడం లేదని చెప్పండి. ఎంత తిరిగినా దొరకలేదు. సాయంత్రంలోగా దొరక్కపోతే నా ఉద్యోగం పోతుందని చెప్పండి."

"అయ్యయ్యో, మీరు కంగారు పడకండి. నేను చూస్తాను" అన్నారాయన. ఎంత మంచివాళ్లో అనుకుంటూ పైకొచ్చాను.

టీచరుగారు మళ్లీ కార్డుకు అతుక్కుపోయి ఉన్నారు. ఈసారి కార్డును గాడిలోంచి లాగి కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని చూశారు. "ప్రభువా! ఇది బి కాదమ్మాయ్, ఎనిమిది. నా కళ్లే మోసం చేశాయి." మళ్లీ రాసుకున్నాను. ఇంతలో చినుకులు మొదలయ్యాయి. గొడుగు తీసుకుని గేటు దాకా వెళ్తే ఎదురుగా కేబులతను. స్టేషన్ వైపంతా కరెంటు పోయిందట, ఇంటర్నెట్ సెంటర్లు కూడా మూసేశారట.

నేను గేటు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అప్పుడు మా ముందు ఒక స్కూటర్ ఆగింది. దాని మీంచి తెల్లటి మీసాలాయన దిగారు. వానలో కూడా మడత నలగని ఖాకీ చొక్కా. నన్ను చూసి మిలిటరీ పద్ధతిలో నిటారుగా నిలబడ్డారు.

"నమస్తే మేడమ్. డ్రైవర్ కావాలన్నరంట గదా. తిరుమలగిరి కెల్లి వస్తున్న. మా పక్కింటి సార్ మీ సార్ ఆఫీసుల్నే చేస్తడు, ఫోన్ జేసి జల్ది పొమ్మన్నడు. బండి ఏడున్నది?"

టీచరుగారు వరండాలోకి వచ్చి నిలబడ్డారు. నేను గొడుగు ఆయన మీదికి పట్టాను.

"క్షమించండి. మాకు కావాల్సింది ఆ డ్రైవర్ కాదండీ. కంప్యూటర్ డ్రైవర్."

ఆయన మీసం దువ్వుకున్నారు. "మిలిటరీల ట్రక్కు నడిపిన, అంబులెన్సు నడిపిన, ఆఫీసర్ల జీపులు సుత నడిపిన. కంప్యూటర్ నడపలే మేడమ్. ఎట్లుంటదో చూపిస్తె నేర్చుకుంట."

టీచరుగారు ముందు పమిట చెంగు నోటికడ్డం పెట్టుకున్నారు. తర్వాత అది కూడా వదిలేసి స్తంభం పట్టుకుని మరీ నవ్వారు. కేబులతను నవ్వాడు. చివరికి సంగతి తెలుసుకుని ఆ పెద్దాయన కూడా మీసాల చాటున నవ్వారు. నవ్వు తగ్గాక టీచరుగారు కళ్లు తుడుచుకుని, ఎవరూ అడక్కుండానే అన్నారు.

"బండి ఉంది."

ఇంటి పక్క రేకుల షెడ్డులో టార్పాలిన్ కింద ఒక కారుందని నాకు తెలుసు. ఆవిడ భర్త నడిపిన కారు. ఆయన పోయాక మెకానిక్ వచ్చి అప్పుడప్పుడూ ఇంజను తిప్పి వెళ్లేవాడు, ఈమధ్య అదీ లేదు. అందులో ఆవిడ ఎక్కడికైనా వెళ్లగా నేను చూడలేదు. దాని ఊసెత్తితే మాట మార్చేవారు. అలాంటిది లోపలికెళ్లి తాళంచెవి తెచ్చి పెద్దాయన చేతిలో పెట్టారు.

టార్పాలిన్ తీస్తే దుమ్ము, లోపల ఒక పిల్లి. పిల్లిని బయటికి పంపించి ఆయన తాళం తిప్పారు. కారు ఒక మూలుగు మూలిగి ఊరుకుంది. బ్యాటరీ చచ్చిందన్నారు. టైర్లలో గాలి మాత్రం కొంచెం ఉంది. కేబులతను గల్లీలోకి ఒక కేక వేశాడు. ఇస్త్రీ బండాయన, ఎదురింటివాళ్లు, ఇంకెవరెవరో వచ్చి చేతులు వేశారు. నేను కూడా కొంగు దోపుకుని తోశాను. మా వీధి పల్లం బాగా కలిసొచ్చింది. కొంతదూరం దొర్లాక కారు గుప్పున నల్లపొగ మా అందరి ముఖాల మీదికి వదిలి, దగ్గి, నిలదొక్కుకుంది. గల్లీ అంతా చప్పట్లు.

"మేడమ్ జల్ది ఎక్కుండ్రి! బంద్ చేస్తె మళ్ల షురూ కాదు!" అని పెద్దాయన లోపల నుంచి అరుస్తున్నారు.

దారిలో టైర్లకు గాలి కొట్టించినప్పుడు కూడా ఇంజను ఆపలేదు. టీచరుగారు ముందు సీట్లో కూర్చున్నారు. అద్దానికి వేలాడుతున్న చిన్న చెక్క శిలువను ఒకసారి వేలితో ముట్టుకున్నారు, అంతే.

తిరుమలగిరిలో పెద్దాయనకు తెలిసిన ఇంటర్నెట్ సెంటర్ తెరిచే ఉంది. ఆయన కారును నడుస్తూండగానే ఉంచి, కాపలాకు సెంటర్ యజమానినే బయట నిలబెట్టి మాతోపాటు లోపలికొచ్చారు. ఈసారి అంకె సరిగ్గా కొట్టాను. చేప బొమ్మ ఉన్న పేజీ తెరుచుకుంది. ఏ విండోస్‌కు ఏ ఫైలో చూసి మాకు కావాల్సిందాని మీద నొక్కితే, తెర మీద ఆకుపచ్చ గీత మెల్లగా పాకడం మొదలుపెట్టింది. ఆయన నా వెనక నిలబడి దాన్నే చూస్తున్నారు.

"గిదేనా మేడమ్ ఆ డ్రైవర్?"

"ఇదేనండీ."

"గింత సన్నగున్నడేంది! తిండి సరిగ పెడ్తలేరా?"

ఒక ఫ్లాపీ చాలు. కానీ టీచరుగారు ఒప్పుకోలేదు. ఫ్లాపీలను నమ్మడానికి వీల్లేదని ఇంకోదాంట్లో కూడా ఎక్కించమన్నారు. తిరుగుదారిలో వాన వెలిసింది. కంటోన్మెంట్ రోడ్డు మీద చెట్లు కడిగినట్టున్నాయి. నా మనసంతా సాయంత్రం మీదే ఉంది. అప్పుడు ఆవిడ మెల్లగా అన్నారు, "అటు చర్చి మీదుగా ఒక చుట్టు తిప్పి తీసుకెళ్తారా? ఆయన ఎప్పుడూ అటు నుంచే వచ్చేవారు."

పెద్దాయన అద్దంలోంచి నా వైపు చూశారు. నేను తలూపాను. ఫైళ్లు పోతే పోయాయి అని ఆ క్షణంలో నిజంగానే అనిపించింది. చర్చి గేటు ముందు కారు కొంచెం నెమ్మదించింది. ఆవిడ కిటికీ అద్దం దించి, చెవి దగ్గర జుట్టు సర్దుకుని, బయటికి చూస్తూ కూర్చున్నారు.

ఇంటికొచ్చి, కార్డును మళ్లీ గాడిలో నొక్కి, కంప్యూటర్ ఆన్ చేసి ఫ్లాపీ పెట్టాను. కంప్యూటర్ ఈసారి అభ్యంతరం చెప్పలేదు. పసుపు ప్రశ్నార్థకం మాయమై, ఆ ఒంటరి పేరు వెళ్లి అడాప్టర్ల వరసలో చేరిపోయింది. వెనక పచ్చలైటు మిణుకుమంది. నేను కుర్చీలోంచి ఎగిరినంత పనిచేశాను. కానీ పేజీ తెరుచుకోలేదు! కారు చప్పుడు విని మళ్లీ వచ్చి, మా మెట్ల మీద టీ తాగుతున్న కేబులతను తల లోపలికి పెట్టాడు.

"కొత్త కార్డు గదక్కా. ప్రతి కార్డుకు సొంత నంబర్ ఉంటది. మా కాడ మీ పాత పోర్టు నంబరే ఉన్నది. జెర ఆగుండ్రి." ఎక్కడ నొక్కాలో చెప్పి నాతో ఆ నంబరు చదివించుకుని, వాళ్లవాళ్లకు ఫోన్ చేసి ఎక్కించాడు. టీ పూర్తయ్యేలోపు నా మెయిల్ తెరుచుకుంది.

మొదటి ఫైల్లో డాక్టరు నోట్లో ఏదో నములుతూ మాట్లాడాడు. రెండోదాంట్లో వెనక ఎవరో దగ్గుతూనే ఉన్నారు. గబగబా టైపు చేశాను. ఒకచోట ఎన్నిసార్లు విన్నా మాట అందలేదు. టీచరుగారికి హెడ్‌ఫోన్స్ పెట్టాను. ఆవిడ కళ్లు మూసుకుని విని, "ఇంగ్లీషు మాట్లాడటం ఈయనకెవరూ నేర్పలేదమ్మాయ్" అని తీర్పిచ్చి తీసేశారు. కోర్సులో చెప్పినట్టు అక్కడ ఖాళీ వదిలి పంపేశాను. బయట ఇంకా వెలుతురుంది.

అప్పుడు మెట్ల మీద దబదబా అడుగులు. మా ఆయన. చొక్కా చెమటతో తడిసి, చేతిలో టిఫిన్ డబ్బా ఊగిపోతోంది.

"ఏటే, ఏటయింది నీకు? నాకు చెప్పకుండా కారెప్పుడు కొన్నావు?"

"కారేమిటండీ?"

"కారేటని నన్నడుగుతావేటి! డ్రైవర్ని కూడా మాటాడుకున్నావట గదా. ఆఫీసులో అందరూ పార్టీ ఇమ్మని నా ప్రాణం తోడేస్తున్నారు. కింద చూస్తే కారూ ఉంది, డ్రైవరూ ఉన్నాడు, టీ తాగుతున్నాడు!"

టీచరుగారు మళ్లీ నవ్వడం మొదలుపెట్టారు. ఆయన్ని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, పిడుగు దగ్గర్నుంచి మొత్తం చెప్పాం. అంతా విని ఆయన కంప్యూటర్ వైపు అనుమానంగా చూశారు. "అయితే మనం కారు కొనలేదన్నమాట" అన్నారు. ఆ గొంతులో ఊరట ఎంతుందో, నిరాశ కూడా అంతే ఉంది.

మర్నాడు కంపెనీ మేడమ్ ఫోన్ చేశారు. ఖాళీ వదిలినచోట వదలడమే మంచిపనన్నారు, కామాలు ఎక్కువ పెడుతున్నావని మందలించారు, పని ఇచ్చారు. ఆ ఆదివారం కారుకు కొత్త బ్యాటరీ వేయించి, మిలిటరీ పెద్దాయన టీచరుగారిని చర్చికి తీసుకెళ్లారు. ఆ తర్వాత అది ప్రతివారం అలవాటైంది. చర్చి అయ్యాక బోయిన్‌పల్లి మార్కెట్‌కు వెళ్లేటప్పుడు నన్ను కూడా ఎక్కించుకునేవారు. ఒడిలో కొత్తిమీర కట్టలు, కాళ్ల దగ్గర టమాటాల సంచితో నేను వెనక సీట్లో కూర్చుంటే, ముందు సీట్లో వాళ్లిద్దరూ ఏ దారి దగ్గరో తేల్చుకోలేక ఇంటిదాకా వాదించుకుంటూనే ఉండేవారు.